టర్బో పోలేదు నాన్నా

శుక్రవారం రాత్రి పదిన్నరకి నాన్న ఫోన్. ఆ టైమ్‌లో నాన్న ఫోన్ చేశాడంటే లారీ ఎక్కడో మొరాయించిందని అర్థం.

"టర్బో పోయిందటరా" అన్నాడు.

నంద్యాలలో బియ్యం బస్తాలు ఎక్కించుకుని విజయవాడ వస్తున్నాడు. నల్లమల ఘాట్‌లో బండి లాగడం మానేసింది. ఎప్పుడూ మూడో గేర్‌లో ఎక్కే చోట ఫస్ట్‌లో పాకిందట. వెనక నల్ల పొగ. గిద్దలూరు దగ్గర రోడ్డు పక్క మెకానిక్ ఒకసారి రేస్ చేయించి విని, టర్బో అన్నాడు. బెజవాడలో ఒక షెడ్డుకి ఫోన్ చేస్తే, బండి చూడకుండానే మార్చాలన్నారు. 38 వేలు. పద్నాలుగేళ్ల లారీకి 38 వేలంటే చాలా కిరాయిల మిగులు.

నేను చదివింది బీటెక్ మెకానికల్. చేసేది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఇది చదువుతున్న మీలో చాలామందిది ఇదే కథ అని నాకు తెలుసు, నవ్వకండి. నాన్న లెక్కలో మాత్రం నేనింకా ఇంజన్ల ఇంజినీర్‌నే. "నువ్వు చదివింది ఇదేగా, ఓసారి వచ్చి చూడు" అన్నాడు. నాన్న ఈ మాట అనడం రెండోసారి. మొదటిసారి ఏమైందో చివర్లో చెప్తా. ఈసారి మాత్రం రాత్రి బస్సు ఎక్కేశా.

ముందు టర్బో అంటే ఏంటో రెండు ముక్కల్లో. ఇంజన్ నుంచి వృథాగా పోయే వేడి పొగకి ఒక చిన్న చక్రం అడ్డం పెడతారు. పొగ తోసుకెళ్తుంటే అది తిరుగుతుంది. అదే షాఫ్ట్‌కి రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి, కుక్కి, ఇంజన్‌లోకి పంపుతుంది. గాలి ఎక్కువ దొరికితే డీజిల్ ఎక్కువ కాల్చొచ్చు. బండికి బలం వస్తుంది. ఈ ఐడియాకి స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది, అదీ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ. అందుకే లోడుతో ఘాట్ ఎక్కొచ్చి టక్కున ఇంజన్ ఆపకూడదు. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే, తిరిగే ఆయిల్ ఆ వేడిని కాస్త లాగేస్తుంది.

అసలు విషయం ఏంటంటే, టర్బో ఒంటరిగా పని చేయదు. గాలి ఫిల్టర్‌లోంచి టర్బోకి, అక్కణ్నుంచి రబ్బరు హోస్‌లో ఇంటర్‌కూలర్‌కి, మళ్లీ ఇంకో హోస్‌లో ఇంజన్‌కి వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా పైకి కనిపించేది ఒకటే: బండి లాగదు, నల్ల పొగ వస్తుంది. మనకి యాప్ ఓపెన్ కాకపోతే "సర్వర్ డౌన్" అనేస్తాం చూడండి, అలాగే ఇక్కడ "టర్బో పోయింది".

కొత్త బండి అయితే స్కానర్ తగిలించి కోడ్ చదువుతారు. మా లారీలో ఆ సెన్సర్లే లేవు. కళ్లు, చెవులు, చేతులే మన లాగ్స్.

శనివారం పొద్దున బండి మెల్లగా ఇల్లు చేరింది. మా వీధి చివర షెడ్డులో పెద్ద మేస్త్రీ ఉన్నాడు. చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తా. స్పానర్ పట్టుకునే ముందు ఆయన అన్న మాట: "ఖర్చు లేనివి ముందు చూద్దాం అబ్బాయ్."

మొదటిది పొగ రంగు. నల్ల పొగంటే డీజిల్‌కి సరిపడా గాలి అందట్లేదు. నీలం పొగంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నీలం పొగ మేఘంలా వస్తూ, ఆయిల్ లెవెల్ కూడా పడిపోతుంటే బండి ఇక నడపకూడదు. టర్బో సీల్ బాగా దెబ్బతిని ఆయిల్ లోపలికి పారితే, డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగి, తాళం తీసేసినా ఆగకుండా పరిగెత్తొచ్చు. మాది నలుపే. ఆయిల్ లెవెల్ కూడా సరిగ్గానే ఉంది.

రెండోది ఎయిర్ ఫిల్టర్. తీసి దులిపితే దుమ్ము వచ్చింది గానీ, ఊపిరాడనంత కాదు.

మూడోది టర్బో. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాక, ఫిల్టర్ వైపు పైపు విప్పి చక్రాన్ని వేలితో తిప్పాం. తేలిగ్గా తిరిగింది. షాఫ్ట్‌ని పక్కలకి ఊపితే కొద్దిగా కదిలింది. నా గుండె జారింది. బాబాయ్ నవ్వాడు. ఆయిల్ లేనప్పుడు పక్కలకి ఆ మాత్రం ఆట ఉంటుందట. ముందుకీ వెనక్కీ కదులుతున్నట్టు తెలిసినా, రెక్కలు గోడకి గీసుకున్న గుర్తులున్నా అప్పుడు భయపడాలి. రెండూ లేవు. పైపు లోపల కొంచెం ఆయిల్ తడి కనిపిస్తే "ఇదిగో" అన్నాను. "పాత ఇంజన్‌కి ఆ చెమట మామూలే. గిన్నెడు ఉంటే చెప్పు" అన్నాడు.

నాలుగోది హోస్‌లు. పైనుంచి చూస్తే శుభ్రంగా ఉన్నాయి. ఐడిల్‌లో ఏ చప్పుడూ లేదు. ఉండదు కూడా, లోడు లేనప్పుడు టర్బో గాలి కుక్కదు కాబట్టి. అంటే తప్పు ఘాట్‌లోనే కనిపిస్తుంది, షెడ్డులో కనిపించదు. ప్రొడక్షన్‌లో మాత్రమే వచ్చే బగ్!

ఘాట్‌ని షెడ్డుకి ఎలా తేవాలి? బాబాయ్ దగ్గర ఒక సొంత పరికరం ఉంది. ప్లాస్టిక్ పైపు మూతకి ట్యూబ్ వాల్వ్ బిగించాడు, అంతే. దాన్ని టర్బో మూతికి తొడిగి క్లాంపు వేసి, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి పెట్టాం. మీటరు మీద 15 దాటకుండా. లారీ టైరుకి కొట్టినట్టు 100 కొడితే మూత ఎగిరి మొహానికి తగులుతుంది. తర్వాత సబ్బు నీళ్లు చల్లుకుంటూ వెళ్లాం.

టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే హోస్ అడుగున, క్లాంపు పక్కనే, బుడగలు. చెయ్యి పెట్టి తడిమితే బెత్తెడు చీలిక. మామూలప్పుడు పెదవుల్లా మూసుకుని ఉంటుంది. లోడు పడగానే తెరుచుకుంటుంది. టర్బో కష్టపడి కుక్కిన గాలంతా ఘాట్‌లో గాలికే పోతోంది.

కొత్త హోస్, రెండు క్లాంపులు కలిపి రెండు వేల లోపే. నేను సంబరంగా ఫొటో తీస్తుంటే బాబాయ్ అడిగాడు: "అది సరే, ఎందుకు చిరిగింది?"

టార్చ్ వేసి చూస్తే ఇంజన్ మౌంటింగ్ రబ్బరు అణిగిపోయి ఉంది. ఇంజన్ ఒక పక్కకి వాలి, హోస్ అడుగున ఉన్న బ్రాకెట్‌కి రాసుకుంటోంది. అది మార్చకపోతే కొత్త హోస్ కూడా కొన్ని నెలలకి ఇదే దారి. అదీ మార్చాం.

ఇక్కడ నన్ను కుదిపిన విషయం ఒకటి ఉంది. మేం ఆ 38 వేలు పెట్టి టర్బో మార్చామనుకోండి. టర్బో బిగించేటప్పుడు, చిరిగిందని ఎవరైనా హోస్ కూడా కొత్తది వేస్తారు. బండి బ్రహ్మాండంగా లాగుతుంది. నాన్న ఖుషీ, షెడ్డువాళ్లు ఖుషీ. "టర్బోనే పోయింది" అని అందరం జీవితాంతం నమ్ముతాం. ఎవరూ మోసం చేసినట్టు కాదు. కానీ బాగైనంత మాత్రాన మనం అనుకున్నదే జబ్బు అని రుజువు కాదు. ఆఫీసులో నేను రీస్టార్ట్ కొట్టి, "రిజాల్వ్డ్" అని మూసేసిన టికెట్లు ఎన్నో లెక్కపెట్టుకుంటే సిగ్గేసింది. నాలుగైదు ఒకేసారి మార్చేస్తే, ఏది మందో మనకెప్పటికీ తెలీదు.

ఇప్పుడు ఆ మొదటిసారి సంగతి.

రెండేళ్ల కిందట కూడా లారీ ఇలాగే లాగలేదు. నాన్న ఫోన్ చేసి వచ్చి చూడమన్నాడు. "రిలీజ్ ఉంది నాన్నా, మేస్త్రీ ఏం చెప్తే అది చేయించెయ్" అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. అప్పుడు వేరే షెడ్డులో టర్బో మార్చారు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి. ఆ విషయం నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

తీసేసిన ఆ పాత టర్బో పెరట్లో గోనెసంచిలో ఉంది. ఆదివారం సాయంత్రం బస్సుకి ఇంకా టైముంటే, బయటికి తీసి కూర్చున్నా. తిప్పాను. తేలిగ్గా తిరిగింది. ముందుకీ వెనక్కీ ఊపాను. కదల్లేదు. రెక్కల మీద ఒక్క గీత కూడా లేదు. చేత్తో చూసి అంతా చెప్పలేం, నిజమే. కానీ బాబాయ్ నేర్పిన పరీక్షలన్నీ అది పాసైంది.

తలెత్తితే గుమ్మంలో నాన్న.

"బాగానే ఉందా?" అన్నాడు.

అబద్ధం చెబుదామనుకున్నా. "బాగానే ఉన్నట్టుంది నాన్నా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వచ్చి, దాన్ని నా చేతిలోంచి తీసుకుని, గుడ్డతో తుడిచి, మళ్లీ సంచిలో చుట్టాడు.

"పోన్లే. స్పేరుకి ఉంటుంది" అన్నాడు. "నీ బస్సు ఎన్నింటికి?"