వింతకథకు పీట వేద్దాం

పిఠాపురం ఒక రాక్షసుడి పాదాల దగ్గర వెలిసిన ఊరు. స్థలపురాణం చెప్పేది అదే. గయాసురుడు దేహాన్ని పెంచి పడుకుంటే తల బీహారులోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు ఇక్కడ ఆనాయట. అందుకే ఇది పాదగయ. గయకూ పిఠాపురానికీ మధ్య నేరుగా కొలిచినా దాదాపు 900 కిలోమీటర్లు. తన దేహం మీద జరిగే యజ్ఞం ముగిసేదాకా కదలనని మాటిచ్చిన ఆ అసురుణ్ణి కదిలించడానికి శివుడు కోడి రూపమెత్తి, వేళ కాకముందే కూశాడు. ఇక్కడి కుక్కుటేశ్వరుడి పేరు వెనక ఉన్న కథ ఇది. భక్తి సంగతి అలా ఉంచి కథగా చూసినా ఎంత సాహసమైన ఊహ! దేశంలో సగం మేర పరుచుకున్న దేహం ఒక్క కోడికూతకు కదిలింది.

ఇలాంటి కథ వింటూ పెరిగిన నేల మీద కూడా కల్పన సంజాయిషీ చెప్పుకోవలసి వస్తోంది. మాంత్రికుడూ రాకుమారుడూ ఉంటే పిల్లల కథ అంటారు. రోదసి నౌక ఉంటే, సైన్సు నేర్పుతుందా అని అడుగుతారు. రెండూ కాకపోతే కాలక్షేపం అని పక్కన పెడతారు. ఆశ్చర్యపోవడంలోని ఆనందం కోసమే చదివానని ఒక పాఠకుడు చెబితే, ఆ మాటను సాహిత్య చర్చగా లెక్కించేవారు తక్కువ.

పిఠాపురం సంస్థానం తెలుగుకు చేసిన మేలు తక్కువది కాదు. పానుగంటి లక్ష్మీనరసింహారావు, దేవులపల్లి సోదరకవులు ఆ ఆస్థానం వారే. మహారాజా పోషణలో తయారైన శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. ఇక్కడ పండితులు మాటలు ఏరి కూరుస్తున్న ఆ తరంలోనే, రైలెక్కితే కాసేపట్లో చేరే రాజమండ్రిలో మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు రాశారు. మొత్తం పన్నెండు భాగాలు. గ్రాంథిక వచనమే అయినా జనం వదల్లేదు. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమాకు బీజం ఆ కథల్లోదే.

ఆ పుస్తకం పట్టును అర్థం చేసుకోవాలంటే దాని కట్టడాన్ని చూడాలి. కాశీకి బయలుదేరిన మణిసిద్ధుడికి తోడు కావాలి. వెంట వచ్చే పశువుల కాపరి కుర్రాడు ఒక షరతు పెడతాడు: మజిలీ చేసిన ప్రతి చోటా తాను చూసిన వింత ఏమిటో చెప్పాలి, చెప్పకపోతే ముందుకు రాడు. అంటే కథ కన్నా ముందు ప్రశ్న పుడుతుంది. చందమామలో బేతాళుడు కథంతా చెప్పి చివర్లో ప్రశ్న వేస్తాడు, విక్రమార్కుడు న్యాయం చెబుతాడు. ఇక్కడ తీర్పు లేదు. ఉన్నదల్లా తెలుసుకోవాలనే ఆరాటం. ఇది ఇలా ఎందుకుంది అని మొదటి పేజీలోనే పాఠకుడి చేత అడిగించే సైన్స్ ఫిక్షన్ రచయిత చేసే పని కూడా ఇదే. ఆ కుర్రాడు తెలుగు కల్పనా సాహిత్యానికి ఆదర్శ పాఠకుడు. నీతి ఏమిటని అడగడు. తరవాతేమైంది అని అడుగుతాడు.

చందమామ పాఠకులూ ఆ కుర్రాడి వంటివారే. 1954లో మొదలైన తోకచుక్క నుంచి ఎన్నో ఏళ్లపాటు దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు రచయిత పేరు లేకుండానే అచ్చయ్యాయి. పేరు తెలియకపోయినా రాకాసిలోయ, పాతాళదుర్గం చదివినవారు చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మలతో సహా వాటిని పెద్దయ్యాక కూడా మరవలేదు.

పెద్దల సాహిత్యంలోనూ ఈ దారి ఉంది. విశ్వనాథ సత్యనారాయణ హాహాహూహూలో గుర్రం ముఖమున్న గంధర్వుడు లండన్ నడిబొడ్డున పడతాడు. 1896లో జగదీశ్ చంద్రబోస్ బెంగాలీలో రాసిన కథలో ఒక సీసా తలనూనె సముద్రంలో పోస్తే తుపాను చల్లారుతుంది. అది ఒక తలనూనె కంపెనీ పెట్టిన పోటీకి రాసిన కథ. తుపాను హెచ్చరిక వినగానే ఉప్పాడ తీరం వైపు చూసే పిఠాపురం పాఠకులకు ఆ కథ ఇచ్చే సంతోషం మరెవరికీ దొరకదేమో.

అన్ని వింతలూ ఒకటే అనడం లేదు. కోనసీమలోని రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం రాసినప్పుడు, చేతబడి మీద నమ్మకాన్ని పెంచుతోందని రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శలో పస ఉంది. కోడికూత కథ వినేవాణ్ణి పొరుగువాణ్ణి అనుమానించమనదు; చేతబడి కథ అనుమానించేటట్టు చేయగలదు. చేతబడి పేరుతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లున్న దేశంలో ఆ తేడా చిన్నది కాదు. అయితే యండమూరే యుగాంతం నవలలో భూమి అంతమవుతుందని తెలిసిన మనుషులు ఎలా ప్రవర్తిస్తారో ఊహించి చూశారు. అక్కడ భయం ఉంది, మూఢనమ్మకం లేదు. తులసిదళం మీద జరిగిన చర్చలో పదో వంతైనా యుగాంతం మీద జరగకపోవడం విమర్శకుల లోటే.

ఇప్పుడు చిత్తర్వు మధు కుజుడి కోసం అంటూ తెలుగు నవలను అంగారకుడి దాకా నడిపించారు. అనిల్ ఎస్. రాయల్ నాగరికథలో కాలప్రయాణాన్ని చిన్న కథలో ఇమిడ్చారు. వీటిని సమీక్షించేటప్పుడు శాస్త్ర విషయాల తప్పొప్పులు చూడటంతో ఆగకుండా, ఊహ ఎంత దూరం వెళ్లింది, వాక్యం దాన్ని మోయగలిగిందా, ఏ పేజీలో ఊపిరి బిగపట్టవలసి వచ్చింది అన్నవీ రాయాలి. పత్రికలు ఈ కథల్ని పిల్లల పేజీకో ప్రత్యేక సంచికకో పరిమితం చేయకుండా, మామూలు సంచికలో మిగతా కథల పక్కనే వేయాలి.