సుత్తి లేని బడికి త్రీడీ ప్రింటరా?

కేంద్ర ప్రభుత్వం 2016లో అటల్ టింకరింగ్ ల్యాబుల పథకాన్ని ప్రారంభించింది. ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల గ్రాంటు. 6వ తరగతి మొదలు 12వ తరగతి వరకు విద్యార్థులు స్వహస్తాలతో వస్తువులు నిర్మిస్తూ నేర్చుకోవాలన్నది ఆశయం. ఆశయంతో మనకు పేచీ లేదు. పేచీ అంతా గడప దగ్గరనే! మైదాన ప్రాంతపు బడికి 1500 చదరపు అడుగుల స్థలం, విద్యుత్తు, ఇంటర్నెట్, కంప్యూటర్లు ముందే ఉండాలని మార్గదర్శకాలు విధించాయి. ఉన్నవానికే వడ్డించే ఈ పంక్తిలో ట్రాక్‌మన్ బిడ్డకు, గ్రామీణ డాక్ సేవక్ బిడ్డకు విస్తరి వేసేదెవరు? 2025 బడ్జెట్టులో ప్రభుత్వ పాఠశాలలకు ఐదేళ్ళలో 50,000 ల్యాబులన్నారు. గడప ఎత్తు తగ్గించనిదే ఆ అంకె ఎవరిని ఉద్ధరిస్తుంది?

పరికరాలు లేనిదే ప్రయోగం లేదనే పెద్దలు హోషంగాబాద్ చరిత్ర తెలుసుకోవాలి. 1972లో ఆ జిల్లాలోని 16 గ్రామీణ పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా విజ్ఞాన బోధన ఆరంభమైంది. 1978లో అక్కడికి వెళ్ళిన ఇంజనీరు అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి ఆకృతులు కట్టించాడు. చతురస్రం ఒరిగిపోతుంది, త్రికోణం చెక్కుచెదరదు. మన రైలు వంతెనల గర్డర్లలో త్రికోణాలెందుకో పిల్లవాడు పైసల ఖర్చుతో గ్రహించాడు! అట్టి కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వమే మూసివేసింది.

రైల్వే వర్క్‌షాపుల తుక్కును వేలం వేసేముందు పనికివచ్చే ముక్కలను సమీప బడులకు ఉచితంగా ఇవ్వాలి. ప్రతి బడికీ సుత్తి, రంపం, ఆకురాయి, వైస్ సమకూర్చాలి. రిటైరైన ఫిట్టర్లను గౌరవ వేతనంపై ఉపాధ్యాయులకు తోడుగా నియమించాలి. మైక్రోమీటరు పట్టిన చేతికి వేరే డిగ్రీ అడగనక్కరలేదు. బ్రాంచి సంఘాలు ఈ డిమాండ్లపై వెంటనే తీర్మానాలు చేసి డివిజనల్ అధికారులకు, జిల్లా విద్యాశాఖాధికారులకు పంపవలెను.