నిద్ర నేరమా?

తెల్లవారుజాము డ్యూటీకి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన ఉద్యోగి చేతిలో మెమో పెట్టడానికి అధికారికి అయిదు నిమిషాలు చాలును. ఆ ఉద్యోగి క్రితం రోజు ఎన్ని గంటలకు డ్యూటీ దిగాడో, అంతకు ముందు వారంలో ఎన్ని రాత్రులు మేలుకొని పనిచేశాడో, వాటి నడుమ ఎన్ని గంటలు కన్ను మూశాడో విచారించడానికి మాత్రం ఏ కార్యాలయంలోనూ ఎవరికీ తీరిక చిక్కదు. హాజరు పుస్తకంలో ఆలస్యానికి గడి ఉన్నది. అలసటకు గడి లేదు.

ఈ విషయంలో మేము చెప్పదలచినది ఒక్కటే. వేళకు నిద్ర లేవలేకపోవడాన్ని శీలదోషంగా చూడడం అన్యాయం; అనేక సందర్భాలలో అది రోస్టరు దోషం. కనుక ఆలస్యంపై చార్జిషీటు ఇవ్వదలచిన యాజమాన్యం, ఆ ఉద్యోగి గత వారపు డ్యూటీ పట్టికను ఆ చార్జిషీటుకు జతపరచి తీరాలి. పట్టిక లేని చార్జిషీటు చెల్లరాదు.

కాకినాడ గడియారం, అండమాన్ పొద్దు

ఈ చర్చను మేము అండమాన్ దీవుల నుండి ప్రారంభిస్తున్నాము. అక్కడ రైలు లేదు గదా, ఆ దీవుల ముచ్చట రైల్వే సోదరులకెందుకని కొందరు అడగవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో ప్రతి 100 మందిలో సుమారు 13 మంది తెలుగువారు. తపాలా కార్యాలయాలలో, రేవులలో, ప్రభుత్వ శాఖలలో మనవారు పనిచేస్తున్నారు. అంతకు మించిన కారణం మరొకటి ఉన్నది. గడియారానికీ, మనిషి శరీరానికీ మధ్య గల వైరుధ్యం అక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

మన దేశపు ప్రామాణిక సమయం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు సమీపంగా పోతుంది. దీవుల రాజధాని శ్రీ విజయపురం — 2024 సెప్టెంబరు వరకు దాని పేరు పోర్ట్ బ్లెయిర్ — దానికి పది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కిస్తే అక్కడి పొద్దు గడియారం కంటే సుమారు 41 నిమిషాలు ముందు నడుస్తుంది. జూన్ నెలలో ఉదయం 5 గంటల ప్రాంతానికే సూర్యోదయం. డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతానికే సూర్యాస్తమయం. దీవులలో పొద్దు దీవులదే గాని, గడియారం మాత్రం కాకినాడది.

దీనిని ఆధారం చేసుకొని అధికారవర్గం ఒక వాదన చేస్తుంది. “ఇక్కడ అయిదింటికే తెల్లవారుతుంది. ముఖాన ఎండ పడుతున్నా లేవనివాడు కుంభకర్ణుడు గాక మరెవరు?” వినడానికి ఈ వాదన సబబుగానే తోస్తుంది. కాని వెలుతురు మనిషిని నిద్ర లేపగలదే గాని, నిద్రను ఇవ్వలేదు. ఎనిమిది గంటలు నిద్రించినవానికి ఆ వెలుతురు మేలుకొలుపు. రాత్రి డ్యూటీ చేసి ఉదయం ఇల్లు చేరేవానికి అదే వెలుతురు శత్రువు. శరీరంలో ఒక అంతర్గత గడియారం ఉన్నదనీ, దానిని దిద్దేది ప్రధానంగా వెలుతురేననీ శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆ గడియారం నడకను విప్పి చెప్పిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి లభించింది. ఉదయం 6 గంటలకు డ్యూటీ దిగిన దీవుల ఉద్యోగి, అప్పటికే పైకి లేచిన ఎండలో ఇంటికి నడుస్తాడు. పగలు ప్రారంభమైనదని ఎండ అతని శరీరానికి చెబుతుంది. పడుకోమని రోస్టరు చెబుతుంది. రేకుల కప్పు కింద, ఉక్కలో, పిల్లల సందడిలో అతడు తునకలు తునకలుగా నిద్రపోతాడు. అటువంటి రాత్రులు నాలుగు గడిచిన తరువాత అతనికి తెల్లవారుజాము డ్యూటీ వేస్తారు. అతడు అలారం మోత వినకపోతే తప్పు అతని చెవులదా, పట్టిక వ్రాసిన చేతిదా?

పది నిమిషాలు ఎలా పెరుగుతాయి

ఆలస్యం ఎంత అన్నదానిని బట్టి తప్పు ఎంత అని నిర్ణయించే పద్ధతి కూడా తప్పుడు పద్ధతే. బాంబూఫ్లాట్ వైపు నివసించే ఉద్యోగి చాతం రేవుకు పడవపై రావాలి. పడవ తప్పితే మరుసటి పడవ వరకు అతడు గట్టు మీద నిలబడవలసిందే. ఉత్తర దీవులకు పోయే రహదారి జరావా తెగ రక్షిత ప్రాంతం గుండా పోతుంది గనుక, వాహనాలు జిర్కాటాంగ్ వద్ద ఆగి, నిర్ణీత వేళలలో కాన్వాయ్‌గా కలిసి కదులుతాయి. మొదటి కాన్వాయ్‌ను అందుకోలేని డ్రైవరు రెండవదాని కొరకు గంటల తరబడి కాచుకోవాలి. కన్ను మూతపడినది పది నిమిషాలు; రికార్డులో ఎక్కేది పూట. ఆ పూటకు జీతం కోత, సెలవు కోత, లేదా డైస్ నాన్. దానిపై ‘విధి నిర్వహణలో అంకితభావం లోపించినది’ అన్న అభియోగం.

ఈ అభియోగం మన ఉభయులకూ చిరపరిచితమే. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది, రైల్వే ఉద్యోగులది 1966 నాటిది. రెండింటిలోనూ 3వ నియమం అంకితభావాన్ని కోరుతుంది. మేము దానిని కాదనము. అయితే అంకితభావం ఏకపక్షంగా ఉండజాలదు. ఉద్యోగిని వేళకు రమ్మనే హక్కు గల యాజమాన్యానికి, వేళకు రాగలిగేలా అతనికి విశ్రాంతి కల్పించే విధి కూడా ఉన్నది.

కాల్‌బాయ్ నేర్పే పాఠం

ఈ విధిని ఒకనాటి రైల్వే పాలకులు సైతం గుర్తించారు. ఆవిరి ఇంజనుల కాలంలో విజయవాడ, కాజీపేట, గుంతకల్లు, వాల్తేరు వంటి కేంద్రాలలో రన్నింగ్ సిబ్బంది ఇళ్ళకు కాల్‌బాయ్ వెళ్ళేవాడు. అర్ధరాత్రి తలుపు తట్టి, డ్రైవరును లేపి, కాల్‌బుక్కులో సంతకం తీసుకొని పోయేవాడు. దొరల ప్రభుత్వం దయతో చేసిన పని కాదిది. వేళాపాళా లేని డ్యూటీ చేసే మనిషి తనంతట తాను లేవలేడనీ, అతనిని లేపే బాధ్యత పని చేయించుకునేవారిదేననీ వారికి తెలుసు. నేడు కాల్‌బాయ్ స్థానంలో ఫోను సందేశం వచ్చింది. లేపే బాధ్యత మెల్లగా యాజమాన్యం భుజం మీది నుండి ఉద్యోగి దిండు కిందికి చేరింది.

లక్ష్మణస్వామి పదునాలుగేళ్ళు కన్ను మూయక అన్నను కాచాడంటే, అతని నిద్రను కూడా తానే నిద్రించిన ఊర్మిళాదేవి అయోధ్యలో ఉన్నది. మన గూడ్సు డ్రైవరుకు, మన ఆర్.ఎం.ఎస్. సార్టరుకు బదులుగా నిద్రించే ఊర్మిళ ఎవరు? వారి నిద్ర వారే నిద్రించాలి. అందుకు గంటలు కావాలి.

ఆ గంటల లెక్క చట్టంలోనే ఉన్నది. 1989 నాటి రైల్వే చట్టం 133వ సెక్షన్ నిరంతర, తీవ్ర తరగతుల ఉద్యోగులకు వారానికి ఒకసారి వరుసగా 30 గంటల విశ్రాంతి ఇవ్వాలన్నది. విరామాలతో కూడిన తరగతి వారికి 24 గంటలు ఇవ్వాలన్నది. అందులో ఒక పూర్తి రాత్రి ఉండాలన్నది. ఈ ‘పూర్తి రాత్రి’ అన్న మాటను సోదరులు గమనించాలి. రాత్రితో కూడిన విశ్రాంతి వేరు, రాత్రి లేని విశ్రాంతి వేరు అని చట్టమే ఒప్పుకున్నది. పగటి ఎండలో ఇచ్చిన ఎనిమిది గంటలను రాత్రి ఎనిమిది గంటలతో సమానంగా లెక్కగట్టే రోస్టరు, అక్షరాన్ని పాటించినా చట్టం ఆత్మను ఉల్లంఘిస్తున్నది.

1974 మే 8న ప్రారంభమై 20 రోజులు సాగిన రైల్వే సమ్మె కోర్కెలలో బోనసు, జీతాలతో పాటు ఎనిమిది గంటల పనిదినం కూడా ఉన్నది. వేలాది మంది జైళ్ళకు వెళ్ళినది కేవలం రూపాయల కొరకే కాదు. నిద్ర కొరకు కూడా.

శ్వాసకు పరీక్ష ఉన్నది, నిద్రకు లేదు

డ్యూటీ ఎక్కే డ్రైవరు మద్యం సేవించాడేమోనని శ్వాస పరీక్ష చేస్తారు. చేయవలసినదే, ప్రయాణీకుల ప్రాణాలతో ఆటలాడరాదు. అయితే 17 గంటలు నిద్ర లేక మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం గల మనిషి స్థాయికి పడిపోతుందని 1997లోనే పరిశోధకులు ప్రకటించారు. మద్యాన్ని పట్టుకునే యంత్రం ఉన్నది. నిద్రలేమిని పట్టుకునే రికార్డు — అనగా రోస్టరు — యాజమాన్యం బీరువాలోనే ఉన్నది. దానిని తెరవరు.

2010 మే 22 ఉదయం మంగళూరులో విమానం కూలి 158 మంది మరణించారు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రలో ఉన్నాడనీ, మేల్కొన్న తరువాత కూడా నిద్రమత్తు అతని నిర్ణయశక్తిని దెబ్బతీసి ఉండవచ్చుననీ విచారణలో తేలింది. ఇంట్లో లేవలేకపోయిన ఉద్యోగి వలన ఒక బండి ఆలస్యమవుతుంది. నిద్ర తీరక ముందే బలవంతంగా లేచి వచ్చిన ఉద్యోగి వలన అంతకంటే పెద్ద కీడు వాటిల్లవచ్చును. మెమోకు భయపడి కళ్ళు మూతలు పడుతూ డ్యూటీకి వచ్చేవానిని చూసి క్రమశిక్షణ నిలిచినదని సంతోషించే అధికారి, ప్రమాదాన్ని ఆహ్వానిస్తున్నాడు.

గడియారం మార్చితే తీరునా?

తూర్పు ప్రాంతాలకు గడియారాన్ని ఒక గంట ముందుకు జరపాలన్న సూచన ఒకటి ఉన్నది. అస్సాం తేయాకు తోటలలో ‘బాగాన్ సమయం’ పేరిట ఈ పద్ధతి ఏనాటి నుండో ఉన్నది. 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు దేశానికి రెండు సమయ మండలాలను ప్రతిపాదిస్తూ, ఈశాన్య రాష్ట్రాలతో పాటు అండమాన్, నికోబార్ దీవులను కూడా రెండవ మండలంలో చేర్చారు. కేంద్ర ప్రభుత్వం దీనిని అంగీకరించలేదు.

ఈ సూచనపై మా వైఖరిని స్పష్టం చేయదలచుకున్నాము. పగటి వెలుగు వృథా కారాదన్నది సమంజసమే. కాని గడియారం మాత్రం జరిపి రోస్టరును కదపకపోతే ఏమవుతుంది? నేడు దీవులలో సూర్యోదయంతో మొదలయ్యే 5 గంటల డ్యూటీ, రేపు సూర్యోదయానికి గంట ముందు, చీకటిలో మొదలవుతుంది. పేరుకు అదే 5 గంటలు. నిజానికి ఒక గంట నిద్ర హరించుకుపోతుంది. కార్మికులను అడగకుండా గడియారాన్ని తిప్పిన పాలకులకు ప్రతిఘటన కొత్త కాదు. 1906 జనవరి 1న ప్రామాణిక సమయం అమలులోకి వచ్చినపుడు బొంబాయి మిల్లు కార్మికులు ఆ నెలలోనే పని నిలిపి నిరసించారు. బొంబాయి నగరం 1955 వరకు తన పాత సమయాన్ని వదలలేదు. గడియారం ముల్లు ఎక్కడ ఉండాలో శాస్త్రజ్ఞులు చెప్పవచ్చును. ఆ ముల్లు ఎక్కడ ఉన్నపుడు మనిషి పనిలోకి దిగాలో సంఘంతో చర్చించి నిర్ణయించాలి.

మనలో మనకు

ఉద్యోగి ఆలస్యమైతే నష్టపడేది యాజమాన్యమేనా అని కొందరు సోదరులు ప్రశ్నిస్తారు. ఉచితమైన ప్రశ్న. రిలీఫ్ రాకపోతే క్యాబిన్‌లో నిలిచిపోయేది మన సోదరుడే. సంచులు తెరిచే చేయి ఒకటి తగ్గితే ఆ భారం పడేది పక్కనున్న సార్టరు మీదనే. అతని నిద్ర కూడా పోతుంది. మరునాడు అతడే ఆలస్యమవుతాడు. మెమో చేతులు మారుతుంది. ఒకరు రాకపోతే వేరొకరిని పంపగల లీవ్ రిజర్వును ఖాళీలు నింపక ఎండగట్టినది ఎవరు? ఆ ప్రశ్న వేయకుండా ఇద్దరు అలసిన మనుషులు ఒకరినొకరు తిట్టుకుంటే అధికారికి అంతకు మించిన పండుగ లేదు. కావాలని డ్యూటీ ఎగవేసేవానిని సంఘం వెనకేసుకురాదు. అతనిని అలసినవాని నుండి వేరు చేసి చూపగల సాక్ష్యం రోస్టరే. అందుకే దానిని బయట పెట్టమంటున్నాము.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. అలసిన శరీరం చోటు చూడదు, వేళ చూడదు, అధికారి సంతకమూ చూడదు.

కనుక మా కోర్కెలు ఇవి. ఆలస్యంపై ఇచ్చే ప్రతి చార్జిషీటుకు గత 7 రోజుల డ్యూటీ పట్టిక జతపరచాలి. రాత్రి డ్యూటీల వరుస ముగిసినవానికి ఒక పూర్తి రాత్రి విశ్రాంతి ఇవ్వకుండా తెల్లవారుజాము డ్యూటీ వేయరాదు. మొదటి పడవ, మొదటి బస్సు అందని వేళలో డ్యూటీ వేస్తే రవాణా ఏర్పాటు యాజమాన్యమే చేయాలి. లీవ్ రిజర్వు ఖాళీలను భర్తీ చేయాలి. సమయ మండలాల మార్పు ఎప్పుడు వచ్చినా, సంఘాలతో ఒప్పందం కుదరనిదే కొత్త వేళలను అమలు జరపరాదు.

ప్రతి శాఖా కార్యదర్శి తన యూనిట్‌లో ఆలస్యంపై మెమో అందుకున్న సోదరుని రోస్టరును నేడే నకలు తీసి భద్రపరచాలి. మెమోకు సమాధానం వ్రాసేటపుడు క్షమాపణతో ప్రారంభించవద్దు. ఆ పట్టికతో ప్రారంభించండి.