రిగ్గుపై జల్లెడ సరిగ్గా ఉందా? చమురు బావుల భద్రతలో ఎవరికీ పట్టని పరీక్ష

చమురు బావి ప్రమాదం అనగానే అందరికీ మంటలే గుర్తుకొస్తాయి. కోనసీమ వాసులకైతే పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడి ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగింది. ఆ మంటలు ఆరడానికి 65 రోజులు పట్టింది. ఆ తర్వాత చర్చంతా బావి నోటికి బిగించే భారీ వాల్వుల చుట్టూనే తిరిగింది. అయితే బావి లోపల ఏదో తేడా జరుగుతోందన్న సంకేతం తరచూ ముందుగా కనిపించే చోటు ఇంకొకటుంది. అదే మట్టిని, రాతి ముక్కలను వేరు చేసే యంత్రాల వరస.

అసలు ఇవేం చేస్తాయి?

డ్రిల్లింగ్ చేసేటప్పుడు 'మడ్' అనే చిక్కటి ద్రవాన్ని పైపు గుండా కిందికి పంపిస్తారు. అది తెగిన రాతి ముక్కలను మోసుకుంటూ పైకి వస్తుంది. భూమి లోపలి గ్యాస్ పైకి తన్నుకు రాకుండా అదిమిపెట్టేది కూడా ఈ మడ్ బరువే. పైకి వచ్చిన మడ్‌ను ముందు షేల్ షేకర్ అనే కంపించే జల్లెడ మీదికి వదులుతారు. తర్వాత డీశాండర్, డీసిల్టర్ కోన్లు ఇసుకను, ఒండ్రును లాగేస్తాయి. చివర్లో సెంట్రిఫ్యూజ్ అతి సన్నని రేణువులను తీస్తుంది.

హైదరాబాద్ వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మూసీ ఒడ్డున అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీల మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. అలాంటి కేంద్రాల్లోనూ ముందు చెత్త, తర్వాత ఇసుక, ఆపై సన్నని మడ్డి అనే వరసే నడుస్తుంది. అక్కడ యంత్రం మొరాయిస్తే నది మురికవుతుంది. రిగ్గు మీద మొరాయిస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

తేడా వస్తే ఏమవుతుంది?

జల్లెడ చిరిగిందనుకుందాం. సన్నని రేణువులు మడ్‌లోనే ఉండిపోతాయి. మడ్ చిక్కబడి, బరువెక్కుతుంది. ఆ ఒత్తిడికి బావి గోడల్లో పగుళ్లొస్తే మడ్ అందులోకి ఇంకిపోతుంది. బావిలో మట్టం పడిపోగానే గ్యాస్‌కు దారి దొరుకుతుంది. పంపులు, పైపులు అరిగిపోవడం అదనపు నష్టం.

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గుపై 11 మంది చనిపోయారు. అక్కడ బావి నుంచి ఎగదన్నిన ప్రవాహాన్ని మడ్ నుంచి గ్యాస్‌ను వేరు చేసే పరికరంలోకి మళ్లించారు. అంత ప్రవాహాన్ని అది తట్టుకోలేకపోయింది. గ్యాస్ రిగ్గు డెక్ మీదే పరుచుకుంది. ఏ పరికరం ఎంత మోయగలదో ముందే తెలిసి ఉండటం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఈ ఒక్క ఘటన చాలు.

పరీక్ష ఎలా చేస్తారు?

జల్లెడలను పోల్చడానికి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ '13సీ' ప్రమాణం ఉంది. ఒకప్పుడు 'మెష్' లెక్కతో అమ్మేవారు. ఒకే నంబరున్న రెండు కంపెనీల జల్లెడలు వేర్వేరు సైజు రేణువులను ఆపేవి. ఇప్పుడు ప్రామాణిక రేణువులను జల్లించి, నిజంగా ఏ సైజు ఆగుతోందో చూసి నంబరు ఇస్తారు. ఉదాహరణకు ఏపీఐ 200 అంటే 69 నుంచి 82.5 మైక్రాన్ల మధ్య కోత.

రిగ్గు మీద చేసే తనిఖీలు ఇంకా సులువు. జల్లెడకు చిరుగులున్నాయా, రబ్బరు సీళ్లు బిగువుగా ఉన్నాయా, మోటార్లు మంటను బయటికి రానివ్వని రకానివేనా అని చూడాలి. డీశాండర్ కోన్‌కు దాదాపు 75 అడుగుల ఎత్తు మడ్ ఇచ్చేంత ఒత్తిడి అందాలి. కోన్ అడుగు నుంచి గొడుగులా చిమ్మితే పని చేస్తున్నట్టు. తాడులా జారితే లోడు ఎక్కువైనట్టు. లోపలికి వెళ్లే మడ్‌ను, బయటికొచ్చే మడ్‌ను తూకం వేస్తే మిగతా బండారం బయటపడుతుంది.

పొలాలకూ సంబంధం ఉంది

వేరు చేసిన వ్యర్థాలు ఎక్కడికి వెళ్తాయన్నది రైతులు అడగాల్సిన ప్రశ్న. 2005 ఆగస్టు 30 నాటి కేంద్ర నోటిఫికేషన్ డీజిల్ ఆధారిత మడ్‌ను నిషేధించింది. వ్యర్థాలను నీరు ఇంకని పొర పరిచిన గుంతల్లోనే వేయాలంది. చమురు ఎక్కువగా అంటిన రాతి ముక్కల్లో అది కిలోకు 10 గ్రాముల లోపే ఉండాలి. యంత్రం సరిగ్గా వేరు చేయకపోతే ఈ నిబంధన కాగితానికే పరిమితం.

బాధ్యత ఎవరిది?

నేల మీది బావులకు 2017 ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్స్ కింద గనుల భద్రతా డైరెక్టరేట్, సముద్రంలోని వాటికి 2008 నిబంధనల కింద ఓఐఎస్‌డీ ఉన్నాయి. అంటే చట్టం లేక కాదు. రోజువారీ తనిఖీ రిగ్గు నడిపేవాళ్ల చేతుల్లోనే ఉండిపోవడమే అసలు చిక్కు. బావి ఆగితే ఖర్చు వాళ్లదే. అలాంటప్పుడు చిరిగిన జల్లెడ కోసం పని ఆపుతారా?

బయటివాళ్లతో పరీక్ష చేయించడమే దీనికి విరుగుడు. అందుకు విదేశాల దాకా వెళ్లనక్కర్లేదు. తార్నాకలో ఐఐసీటీ, కూతవేటు దూరంలో ఎన్‌జీఆర్‌ఐ, పక్కనే ఉస్మానియా క్యాంపస్‌లో జియోఫిజిక్స్, టెక్నాలజీ విభాగాలు ఉన్నాయి. రేణువుల సైజు కొలవడం కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థులు ల్యాబ్‌లో నేర్చుకునే పాఠమే. రిగ్గుల నుంచి నమూనాలు తెప్పించి, ఫలితాలను బావి చుట్టుపక్కల పంచాయతీలకు అందేలా చేస్తే చాలు. ఓ జల్లెడ మార్చడానికి అయ్యే ఖర్చెంత, 65 రోజులు మండిన బావికి అయిన నష్టమెంత? లెక్క వేయాల్సింది ప్రభుత్వాలే.