డౌన్ గ్రామపు కాలిబాట

“అయ్యవారూ, పిల్లల్ని చేను గట్ల వెంట తిప్పితే చదువెట్లా వస్తుంది?” అని ఒక విద్యార్థి తండ్రిగారు గత మాసమున మమ్ము అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. పరీక్షలు సమీపించుచున్నవి, మూడు భాషల నడుమ చదువుకొను మన పిల్లలకు కాలము మఱింత కొఱత. ఆనాడు వీధిలో నిలిచి చెప్పలేకపోయిన సమాధానమును ఇచట వ్రాయుచున్నాము.

లండను నగరమునకు ఆగ్నేయమున డౌన్ అను చిన్న గ్రామము కలదు. పూర్వము అది కెంటు మండలములోనిది. 1965 నుండి బృహల్లండనులో చేరినది. సుద్దనేల, చిన్న లోయలు, చెట్ల కంచెలు, వాని నడుమ కాలిబాటలు. 1842లో చార్లెస్ డార్విన్ ఆలుబిడ్డలతో ఆ ఊరు చేరి, 1882లో కన్నుమూయువఱకు అచటనే కాపురముండెను. యౌవనమున అయిదేండ్లు ఓడపై లోకమును చుట్టివచ్చిన ఆ మనుష్యుడు తరువాత మఱల విదేశయాత్ర చేయలేదు!

మేము ఆ ఊరు చూడలేదు. డార్విన్ గ్రంథములను, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ వ్రాసిన జ్ఞాపకములను చదివి, మనస్సులోనే ఈ నడక నడచితిమి. ఊరి నడుమ చర్చి కలదు. ఆయన భార్య ఎమ్మా సమాధి అచటనే. ఆయనయు అచటనే పండుకొనగోరెను గాని, దేశము ఆయనను వెస్ట్‌మినిస్టరు ఆబీకి తీసికొనిపోయినది. ఊరు దాటిన కొంతదూరములో ఆయన ఇల్లు. తోట చివర ఇసుకబాట. పొరుగువారగు లబ్బకు కుటుంబమువారి నుండి 1846లో ఒక నేలపట్టీని కౌలునకు తీసికొని, చెట్లు నాటించి, చుట్టును బాట వేయించెను. ప్రతిదినము దానిపై తిరుగుచు, చుట్టు పూర్తియైనప్పుడెల్ల ఒక చెకుముకిరాతిని కాలితో త్రోసి లెక్క పెట్టుకొనెడివాడట. ఒకనాడు ఆయన అంత నిశ్చలముగా నిలుచుండగా, ఉడుత పిల్లలు కాళ్లమీదుగా వీపుపైకి ప్రాకినవి. తల్లి ఉడుత చెట్టుపైనుండి గోల పెట్టినదట!

ఆ ఊరి చేలలో మమ్ము మిక్కిలి ఆకర్షించినది వానపాముల వృత్తాంతము. 1842లో ఒక పొలముపై సుద్దముక్కలు చల్లించి, 1871లో అచట కందకము త్రవ్వించి చూచెను. సుద్ద తెల్లని గీతవలె 7 అంగుళముల లోతున కనబడినది. వానపాములు లోపలి మన్నును మ్రింగి పైకి తెచ్చి విసర్జించుచుండగా, పైనున్నది క్రమముగా క్రిందికి పోయినది. ఒక్క కొలత కొఱకు 29 సంవత్సరములు వేచియుండుట! ఆ జీవులకు వినికిడి కలదేమో యని, కుండీలలోని వానిముందు కుమారునిచే బసూను వాద్యము ఊదించెను, అవి చలించలేదు. ఆ కుండీలనే పియానోపై ఉంచి మీట నొక్కగానే, అదురు తగిలి బొరియలలో దూరినవి. ఇంగ్లండులోని అనేక భాగములలో ఎకరమునకు ఏటేట పది టన్నులకు పైబడిన మన్ను వాని కడుపుల గుండ నడచుచున్నదని 1881లో వెలువడిన గ్రంథమున వ్రాసెను. అదియే ఆయన ప్రకటించిన కడపటి శాస్త్రగ్రంథము.

డార్విన్ ధనికుడు, పొట్టకూటికై ఉద్యోగము చేయనక్కఱలేనివాడు. మన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు, కాదనము. అయినను ఈ పనికి కావలసినవి గునపము, కొలబద్ద, ఓపిక మాత్రమే. మఱియు ఆయన తోటమాలులను, పావురములు పెంచువారిని అడిగి, వారి మాటలను శ్రద్ధగా వ్రాసికొనెను. పట్టాలున్నవారినే అడుగుదునని కూర్చుండలేదు.

మన పిల్లలు ‘వానపాము రైతుమిత్రము’ అని పరీక్షలో తప్పక వ్రాయుదురు. అది ఎట్లు మిత్రమో చేనిలో చూపుమన్నచో తెల్లబోవుదురు. శాస్త్రము ఎక్కడనో, ఎవరి భాషలోనో ఉన్నదని వారి నమ్మకము. ఈ నమ్మకమే మాకు పరీక్షలకంటె ఎక్కువ దిగులు కలిగించుచున్నది.

మేము శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమగు ఆంధ్రప్రదేశములో. అచట కానుగ అన్న కానుగయే. ఈ హోసూరు ప్రాంతమునకు వచ్చిన పిదప, ఒకనాటి నడకలో ఒక బాలుడు దానిని పుంగమనెను, మఱొక బాలిక హొంగె అనెను; ఇరువురును వాదులాడుకొనిరి. ఇంటికి పోయి అవ్వల నడుగుడంటిమి. మఱునాడు తెచ్చిన సమాచారము మేము ఎఱుగనిదే: కానుగాకు ఏ మడిలో త్రొక్కుదురు, గానుగలో ఆడించిన నూనె ఏ దీపమునకు పనికివచ్చును. ఆ అవ్వల పిదప ఈ మాటలను ఎవరి నడిగి తెలిసికొందుము?

కనుక వారమునకు ఒక్క గంట, శనివారము సాయంకాలము, ఊరి చుట్టు నడక సాగించుటయే ఉచితమని మా నిశ్చితాభిప్రాయము. దీనివలన మార్కులు తగ్గిన యెడల మమ్ము నిందింపవచ్చును. వచ్చు శనివారము పాఠశాల ఆవరణలో ఒక మూల సుద్దముక్కలు చల్లి, తేదీ వ్రాసిన రాతిని పాతుదుము. ఇప్పటి ఆరవ తరగతివారు పదవ తరగతి వ్రాయు ఏట మొదటిసారి త్రవ్వి కొలువవలెను. ఆ తండ్రిగారు కూడ విచ్చేసినచో, మొదట గునపము వారి చేతికే ఇత్తుము.