గోడ మీద చెయ్యి

మొయినాబాద్ దాటి చేవెళ్ల దాకా మర్రిచెట్ల నడుమ హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు మీద పోతుంటే కంటికి ఎక్కువగా తగిలేవి ఫ్లెక్సీలే: వెంచర్లు, ఫామ్‌హౌస్‌లు, నాయకుల పుట్టినరోజులు. వాటిలో మనిషి చేత్తో దిద్దిన అక్షరం వెతికినా దొరకదు. అందుకే నాకు పాత చేతిపనిని మరుగున పడనివ్వని పోలండ్ చిత్రకారిణి పౌలీనా ఒవోవ్‌స్కా అంటే అంత గౌరవం. కమ్యూనిస్టుల కాలంలో వార్సా నడిబొడ్డున ఓ మేడ మీద వెలిగిన వాలీబాల్ క్రీడాకారిణి నియాన్ బొమ్మ ఆ తర్వాత ఆరిపోతే, తన చిత్రాలు అమ్మిన డబ్బుతో 2006లో దాన్ని మళ్లీ వెలిగించారామె. ఆనాటి స్వెటర్ అల్లికల కార్డులు చూసి పెద్ద పెద్ద చిత్రాలు కూడా వేశారు. పాత రోజుల మీద బెంగ అని కొందరు తేల్చేస్తారు, నేను ఒప్పుకోను. ఆ రాజ్యాన్ని వెనకేసుకురావడం వేరు, దాని కింద బతుకుతూ అంత అందంగా గీసిన చేతిని గుర్తించడం వేరు. మన దగ్గర వామపక్ష ఉద్యమాలకు పోస్టర్లు వేసిన ఆర్టిస్ట్ మోహన్ 2017లో వెళ్లిపోయినా, ఆయన గీత పత్రికల్లో, పుస్తకాల అట్టల మీద మిగిలింది. ఆ ఉద్యమాల కోసం రాత్రిళ్లు నిచ్చెనెక్కి ఎర్రరంగుతో గోడలు రాసినవాళ్ల పని మాత్రం వానకు కరిగి, సున్నం కింద పూడిపోయింది. అది రాజకీయమే కాదు, కళ కూడా. పార్టీలకు పట్టకపోతే మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ విద్యార్థులైనా ఈ దారిలోని ఊళ్లు తిరిగి, ఆ కుంచె పట్టినవాళ్లను వెతికి, తగిన కూలి ఇచ్చి, ఓ పెద్ద గోడ మీద మళ్లీ రాయించాలి, కింద వాళ్ల పేర్లతో సహా.