తాత అడిగిన బటన్

చతురస్రం గీయాలంటే ఏం చేయాలి? వంద అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి... ఇలా నాలుగుసార్లు. ప్రైవేటు బళ్లలో మూడో తరగతో నాలుగో తరగతో కంప్యూటరు పుస్తకం తిరగేసిన పిల్లలు ఠక్కున చెప్పేస్తారు. తెర మీద తాబేలును నడిపించే ‘లోగో’ భాష అది. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ తదితరులు పిల్లల కోసమే తయారుచేశారు. మన బళ్లలో ఎక్కువగా కనిపించేది ఎంఎస్‌డబ్ల్యూ లోగో.

చతురస్రం అయ్యింది, పువ్వు అయ్యింది, పరీక్ష అయ్యింది. తాబేలుకు సెలవు! అదే లోగోలో సొంతంగా విండో తెరిచే ‘విండోక్రియేట్’, బటన్ పెట్టే ‘బటన్‌క్రియేట్’ ఉన్న సంగతి చాలా పుస్తకాలు చెప్పనే చెప్పవు. పిల్లలకు కష్టమనేమో.

నిజానికి మనం రోజూ నొక్కే విండోల పుట్టుకలో పిల్లల పాత్ర ఉంది. పాపర్ట్ పిల్లలతో చేయిస్తున్న పనిని 1968లో అలన్ కే అనే శాస్త్రవేత్త చూశాడు. కంప్యూటరు పిల్లల చేతిలో ఉండాల్సిన వస్తువని ఆయనకు అనిపించింది. 1970ల్లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో ఆయన బృందం ‘స్మాల్‌టాక్’ భాషను బడిపిల్లలతో వాడించి చూసింది. ఒకదాని మీద ఒకటి పరుచుకునే విండోలు అక్కడ రూపుదిద్దుకున్నవే.

చిత్తూరులో మా అక్క కొడుకు ఐదో తరగతి. వాళ్ల తాతకు తోతాపురి తోట ఉంది. 2025 సీజన్‌లో కిలోకు 12 రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది కదా, అందులో గుజ్జు ఫ్యాక్టరీలు ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం కలిపేది 4. ఆ లెక్కకు మనవడు లోగోలో ఓ విండో కట్టాడు. బటన్ నొక్కితే ‘క్వశ్చన్‌బాక్స్’ బరువు అడుగుతుంది. 3000 అని కొట్టాడు. గుణించనని మొండికేసింది! అది ఇచ్చేది అంకె కాదు, అంకె ఉన్న జాబితా. ముందు ‘ఫస్ట్’ అని చేర్చి అంకెను బయటికి తీయాలి. ఈ ఒక్క మాట కోసం వాడికి ఓ ఆదివారం గడిచిపోయింది. ఫ్యాక్టరీది 24,000, ప్రభుత్వానిది 12,000 అని తెర మీద పడ్డాక వాడి మొహం చూడాలి!

తాత మాత్రం కళ్లద్దాలు సర్దుకుని, “ఇంగిలీసులో ఉంటే నాకెట్లా తెలస్తాదిరా?” అన్నాడు.

నిజమే కదా. బటన్ మీద ‘ధర’ అని తెలుగులో పెట్టబోతే రెండు ప్రశ్నార్థకాలు వచ్చాయి. యూనికోడ్ లేని పాత తరం ప్రోగ్రాం, దానికి తెలుగు అక్షరమే తెలియదు. దాంతో పిల్లాడు 2007లో వచ్చిన ‘స్క్రాచ్’కు మారాడు. అక్కడ ‘బటన్‌క్రియేట్’ లాంటి ఆదేశం ఉండదు. బొమ్మ గీసి, దాన్ని నొక్కినప్పుడు ఏం జరగాలో దిమ్మెలు పేర్చి చెప్పాలి. వాడు రెండు మామిడికాయలు గీశాడు, ఒకటి ఫ్యాక్టరీకి, ఒకటి ప్రభుత్వానికి. వాటి మీద మౌసుతో తెలుగు అక్షరాలు దిద్దాడు. వంకర టింకరగానే ఉన్నాయిలెండి, కానీ తాత చదివాడు.

చదివి, “మూడోది కూడా పెట్టు” అన్నాడు.

“ఇంకేముంది తాతా?”

“చేతికొచ్చింది ఎంత అని. పలికిందొకటి, వచ్చేదొకటి. రెండూ పక్కపక్కన కనబడాల.”

పెద్ద కంపెనీల్లో ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడేవాళ్ల దగ్గర కూర్చుని ఇలాంటివే అడిగి తెలుసుకుంటారు. వీడికి అడక్కుండానే దొరికింది. మూడో కాయ గీశాడు, కాస్త పచ్చిగా. నొక్కితే అంకె అడుగుతుంది.

“ఎంత వేయాల తాతా?”

తాత మౌసు మీంచి చెయ్యి తీశాడు. “ఇప్పుడే వద్దులే. వచ్చినాక నొక్కుదాం.”